ట్రైలర్‌లోని గుర్తు ఎవరి కోసం?

ఒక వీడియో గేమ్ ట్రైలర్‌లో ఒకే గుర్తు ముందు గోడ మీద, తర్వాత ఒక పాత్ర అరచేతిలో, చివరికి ఆట పేరులో కనిపించిందనీ, దానికి నిజంగా అర్థం ఉందా లేక మనమే ఊహించుకుంటున్నామా అనీ మీరు అడిగారు. ఈ విషయంలో నేను చాలాసార్లు పొరబడ్డాను కనుక అక్కడి నుంచే మొదలుపెడతాను.

2016 జూన్‌లో డెత్ స్ట్రాండింగ్ అనే ఆట తొలి ట్రైలర్ వచ్చినప్పుడు, కథానాయకుడి మెడలో వేలాడే లోహపు బిళ్లల మీది సమీకరణాలు నన్ను పట్టుకుని వదల్లేదు. వాటిలో ఒకటి కృష్ణబిలాల లెక్కల్లో వచ్చే ష్వార్జ్‌షీల్డ్ వ్యాసార్థానిదని తెలియగానే, కథంతా కృష్ణబిలం లోపలే జరుగుతుందని తీర్మానించుకుని పేజీలకు పేజీలు రాసుకున్నాను. 2019 నవంబరులో ఆట విడుదలయ్యాక చూస్తే, అది ఒకదానితో ఒకటి సంబంధం తెగిపోయిన నగరాల మధ్య సరుకులు మోస్తూ, వాటిని మళ్లీ కలుపుతూ పోయే మనిషి కథ. అదే ట్రైలర్‌లో బిడ్డ బొడ్డుతాడు, నాయకుడి చేతికి బేడీ, తీరం పొడవునా చచ్చి పడిన జలచరాలు దాపరికం లేకుండా కనిపిస్తూనే ఉన్నాయి. పేరులోని స్ట్రాండ్ అనే ఆంగ్ల పదానికి పోగు అనీ, ఒడ్డున చిక్కుపడిపోవడమనీ రెండు అర్థాలూ ఉన్నాయి. భూతద్దం పట్టుకుని బిళ్లలను చదివిన నేను, తెర నిండా ఉన్న తాడును చదవలేదు.

అప్పటి నుంచి ఏ గుర్తు కనిపించినా, దీన్ని అక్కడ పెట్టింది ఎవరు అని ముందుగా ప్రశ్నించుకుంటున్నాను. గోడ మీది రాత, ఒంటి మీది పచ్చబొట్టు ఆ కథాలోకంలోని మనుషులు వేసుకున్నవి; వాటికి ఆ లోకంలోనే కారణం ఉండాలి. ఆట పేరును దిద్దిన తీరు మాత్రం నేరుగా చూసేవాళ్ల కోసమే. దీనికి నాకు తెలిసినంతలో చక్కని ఉదాహరణ 2012 డిసెంబరులో మోబీ డిక్ స్టూడియో అనే కల్పిత సంస్థ పేరుతో వచ్చిన ది ఫాంటమ్ పెయిన్ అనే ఆట ట్రైలర్. ఆ పేరు అక్షరాల చుట్టూ అకారణంగా మిగిలినట్టు కనిపించిన గీతలూ ఖాళీలూ మెటల్ గేర్ సాలిడ్ 5 అనే ఆట పేరులోని అక్షరాలను పేర్చితే సరిగ్గా అతుక్కున్నాయి. ఆ సంస్థ అధిపతిగా చెప్పుకున్న జోకిమ్ మోగ్రెన్ పేరులో, జోకిమ్ అనే ఆంగ్ల అక్షరాలను తారుమారు చేస్తే మెటల్ గేర్ ఆటల దర్శకుడు కోజిమా ఇంటిపేరు వస్తుంది. కొన్ని నెలలకే, 2013 మార్చిలో, రెండూ ఒకే ఆట అన్నది నిజమేనని ప్రకటించారు. ఇలా ముక్కకు ముక్క అతికినప్పుడు యాదృచ్ఛికం అనడానికి చోటుండదు. నా కృష్ణబిలం సిద్ధాంతానికి అలాంటి అతుకు ఒక్కటీ లేదు.

అయితే ట్రైలర్లు కావాలని అబద్ధమూ చెబుతాయి. 2001లో వచ్చిన మెటల్ గేర్ సాలిడ్ 2 ప్రచార చిత్రాలు పాత నాయకుడు స్నేక్‌నే ముందుంచాయి గానీ, ఆటలో ఎక్కువ భాగం మనం నడిపేది రైడెన్ అనే కొత్త పాత్రను. ఇక ఫ్రేము ఫ్రేముగా ఆపి చూసేవారికి ఒక హెచ్చరిక: పొగమంచులో ముఖం కనిపెట్టానని నేనొకసారి మురిసిపోయాను. అదే వీడియోను మరింత నాణ్యమైన ప్రతిలో చూస్తే ఆ ముఖం లేదు. అది వీడియో పరిమాణం తగ్గించడంలో ఏర్పడిన చదరపు మచ్చల గుంపు మాత్రమే.

మీరు చెప్పిన గుర్తు కథాలోకంలోని గోడ నుంచి మన కోసం దిద్దిన పేరులోకి దాటి వచ్చింది కాబట్టి, దాన్ని కావాలనే పెట్టారని నేను నమ్ముతాను. దాని అర్థం కోసం నిఘంటువులు వెతికే ముందు అరచేతి దృశ్యాన్ని ఆపి చూడండి. అది వేయించుకున్న పచ్చబొట్టా, కాల్చిన వాతా, ఎప్పటిదో మానిన గాయమా? గోడ మీద దాన్ని ఎవరైనా చెరిపే ప్రయత్నం చేశారా? ఆ గుర్తును తలకెత్తుకున్నవాళ్లెవరో, దానికి భయపడేవాళ్లెవరో అక్కడే కొంత తేలుతుంది.