మూత్రంలో మంట వేడి వల్లనేనా?

ప్రశ్న: నాకు 34 ఏళ్ళు. మాది దేవరకొండ దగ్గర పల్లె. పత్తి ఏరడం మొదలైనప్పటి నుంచి, ఈ మూడు నెలల్లో, మూత్రంలో మంట రావడం ఇది మూడోసారి. వేడి చేసిందని బార్లీ నీళ్ళు తాగుతున్నాను. మెడికల్ షాపులో ఇచ్చిన గోళీలు రెండు రోజులు వేసుకుంటే తగ్గి, మళ్ళీ వస్తోంది. ఫ్లోరైడ్ నీళ్ళ వల్లనే అని మా ఊళ్ళో అంటున్నారు. నిజమేనా?
- ఒక సోదరి, నల్లగొండ జిల్లా

జవాబు: అమ్మా, మన జిల్లాలో ఏ బాధ వచ్చినా ముందుగా ఫ్లోరైడ్‌నే అనుమానించడంలో వింత లేదు; ఆ నీళ్ళు మన పెద్దల పళ్ళనూ ఎముకలనూ ఏం చేశాయో అందరం చూశాం. అయితే ఈ మంటకు కారణం ఫ్లోరైడ్ కాదు, ఒంట్లో వేడీ కాదు. మీరు చెప్పిన లక్షణాలు మూత్రనాళ ఇన్ఫెక్షన్‌వి. పేగుల్లో ఉండే ఇ-కోలై అనే బ్యాక్టీరియా మూత్రమార్గం గుండా మూత్రాశయంలోకి చేరడం వల్ల ఇది ఎక్కువగా వస్తుంది. ఆ మార్గం పొడవు పురుషుల్లో దాదాపు 20 సెంటీమీటర్లుంటే స్త్రీలలో సుమారు నాలుగే కనుక, ఎంత శుభ్రంగా ఉండే ఆడవాళ్ళకైనా ఇది రావచ్చు. మిమ్మల్ని మీరు తప్పుపట్టుకోకండి.

మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట పత్తి చేను. అక్కడ చాటు ఉండదు కనుక, పొద్దున్నే ఒడి కట్టుకొని చేలోకి దిగిన ఆడవాళ్ళు పొద్దుగూకేదాకా మూత్రం ఆపుకుంటారు. ఆపుకోవలసి వస్తుందని నీళ్ళే తాగరు. పట్టుకెళ్ళిన సీసా సగం నిండుగానే ఇంటికి వస్తుంది. మూత్రం పోసిన ప్రతిసారీ కొన్ని క్రిములు కొట్టుకుపోతాయి, గంటల తరబడి ఆపుకుంటే అవి లోపలే పెరుగుతాయి. తరచూ ఈ ఇన్ఫెక్షన్ వస్తూ, రోజుకు లీటరున్నర కన్నా తక్కువ ద్రవాలు తాగే 140 మంది స్త్రీలపై జరిపి 2018లో ప్రచురించిన అధ్యయనంలో, అదనంగా మరో లీటరున్నర నీళ్ళు తాగినవారికి ఇన్ఫెక్షన్లు దాదాపు సగానికి తగ్గాయి. కూలికి వచ్చే నలుగురూ కలిసి గట్టు పక్కన పాత చీరతో చాటు కట్టుకోండి, మూడు గంటలకోసారి వెళ్ళి రండి. ఇందులో సిగ్గుపడవలసిందేమీ లేదు. ఆ పాటి విరామం ఇవ్వడం చేను గలవారి బాధ్యత.

బార్లీ నీళ్ళు మానవద్దు, కానీ అవి క్రిములను చంపవు. గోళీలను రెండు రోజులకే ఆపేస్తే మిగిలిన క్రిములు మళ్ళీ పెరగవచ్చు, ఆ మందుకు లొంగనివిగానూ మారవచ్చు. ఆరు నెలల్లో రెండుసార్లు వచ్చినా డాక్టరును కలవవలసిందే, మీకు మూడు నెలల్లోనే మూడుసార్లు వచ్చింది. కాబట్టి ఇకపై సొంతంగా గోళీలు వేసుకోకుండా, ముందుగా యూరిన్ కల్చర్, అంటే మూత్రంలో ఏ క్రిమి ఉందో చూసే పరీక్ష, చేయించుకోండి. మొదటి ధార వదిలి, మధ్యధారను ల్యాబ్ వారిచ్చిన శుభ్రమైన డబ్బాలో పట్టాలి. ఏ మందు పనిచేస్తుందో రెండు మూడు రోజుల్లో తెలుస్తుంది. షుగర్ పరీక్ష కూడా అవసరం. గర్భం ఉందన్న అనుమానం ఉంటే డాక్టరుకు ముందే చెప్పండి.

మలవిసర్జన తర్వాత ముందు నుంచి వెనక్కి కడుక్కోవడం, భార్యాభర్తలు కలిసిన తర్వాత మూత్రానికి వెళ్ళడం మంచివి. లోపల సబ్బు వాడకండి.

చలిజ్వరం, నడుముకు ఒక పక్క నొప్పి, వాంతులు కనిపిస్తే ఇన్ఫెక్షన్ కిడ్నీకి చేరి ఉండవచ్చు. ఆ రోజు కూలి పోయినా సరే, తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళండి.