అల్లుడూ, ముందు ఆ పైపు పీకెయ్

చిరంజీవి అల్లుడికి, కోవూరు నుంచి మామ ఆశీర్వదించి రాయడం.

ఇక్కడ అందరం బాగున్నాం. అత్తకి మోకాళ్ల నొప్పి ఎప్పటిలాగే ఉంది. నువ్వు పంపిన వీడియో నాలుగుసార్లు చూశా. కాలేజీలో నున్నటి సిమెంటు మీద నీ బండి తిరిగింది, దాని మీద పైపుతో చేసిన తుపాకీ తిరిగింది, పిల్లలంతా ఈలలేశారు. "మామా, ముందుముందు యుద్ధాలన్నీ మనిషి లేని ఈ బండ్లే చేస్తాయంట, దీంట్లో దిగమంటావా?" అని అడిగావు. దిగు. కానీ ముందు ఆ పైపు పీకెయ్.

కోప్పడకుండా విను. ఇరవై రెండేళ్లు సైన్యంలో ఈఎంఈ అనే రిపేరు విభాగంలో బండ్లు బాగుచేసినవాణ్ణి. సికింద్రాబాదులో పని నేర్చుకుని, ఆ తర్వాత సర్వీసులో సగం సైనికుల్ని మోసే బీఎంపీ-2 యుద్ధ బండ్ల కిందే పడుకున్నా. మన మెదక్ ఫ్యాక్టరీలో తయారైన ఆ 14 టన్నుల బండిలో ఏ నట్టు ఎక్కడుందో ఇప్పటికీ కళ్లు మూసుకుని చెప్తా. ఆ బీఎంపీనే లోపల మనిషి లేకుండా నడిచేట్టు చేసి, ముంత్ర అని పేరు పెట్టి, ఆవడిలోని డీఆర్‌డీవో వాళ్లు 2017లో చూపించారు. ఆ వార్త చదవగానే నాకు తట్టిన ప్రశ్న ఒకటే. డ్రైవర్ లేడు సరే, దారిలో చక్రాల చుట్టూ తిరిగే ట్రాక్ పట్టా ఊడితే మళ్లీ ఎక్కించేదెవరు?

ఈ బండ్లు నిన్న మొన్నటివి కావు. 1939లో ఫిన్లాండు మీదికి పోయిన సోవియట్ సైన్యం రేడియోతో నడిచే ట్యాంకుల్ని దింపింది. జర్మన్లు రెండో ప్రపంచయుద్ధంలో గోలియత్ అని చిన్న బండి చేశారు. మందుగుండు నింపి, వెనక తీగతో నడిపి, శత్రువు కిందికి పంపి పేల్చేవాళ్లు. ఆ తీగ తెగిందంటే అంతే, ఇనప పెట్టె కింద లెక్క. అంత దూరం ఎందుకు, రష్యా వాళ్ల ఉరాన్-9 చూడు. 30 మిల్లీమీటర్ల తుపాకీ, క్షిపణులు, హంగంతా ఉంది. సిరియాలో దింపితే ఇళ్ల మధ్య కొన్ని వందల మీటర్లు పోగానే సిగ్నల్ పోయింది. ఒకటి రెండుసార్లు గంటకు పైగా బండి మాట వినలేదని 2018లో వాళ్లే ఒప్పుకున్నారు. కింద రోలర్లు కూడా చెడిపోయాయి. ఇంతకీ పాడైంది తాడూ కాళ్లూ, అంటే సిగ్నలూ రోలర్లూ. నువ్వేమో చెయ్యి మీద, అంటే తుపాకీ మీద పడ్డావు.

అందుకని తాడు సంగతి ముందు చూసుకో. మీ ఒంగోలు నుంచి చీమకుర్తి ఎంతసేపు? గ్రానైటు క్వారీ వాళ్లని అడిగి, బ్లాస్టింగ్ లేని పూట, వ్యర్థం రాళ్లు పోసిన గుట్టల వెనక్కి నీ బండిని పంపు. నువ్వు గుట్టకి ఇవతలే నిలబడు. డ్రోన్ అంటే పైన ఎగురుతుంది, దానికి అడ్డమేముంది? నేల మీద బండి యాంటెన్నా మోకాలి ఎత్తులో ఉంటుంది. గట్టు అడ్డమొచ్చినా, కంప అడ్డమొచ్చినా బండి కెమెరా పంపే బొమ్మ గళ్లుగళ్లుగా విడిపోతుంది. అప్పుడు బండి ఏం చేయాలి? ఆగాలా? తిరిగి వచ్చిన దారినే సిగ్నల్ దొరికే చోటుదాకా రావాలా? ఆ ప్రోగ్రామ్ ముందు రాయి. మిగతాదంతా తర్వాత. ఉక్రెయిన్‌లో ఇప్పుడు ఒక డ్రోన్‌ని పైన నిలిపి దాని ద్వారా కింద బండికి సిగ్నల్ ఇస్తున్నారు, లేకపోతే వెంట్రుకలాంటి ఫైబర్ తీగ వాడుతున్నారు. తీగ వాడితే చుట్ట బండి మీదే ఉండాలి సుమా. నీ దగ్గర పెట్టుకుంటే బండి దాన్ని ఈడ్చుకుంటూ పోయి, మొదటి కంపకే తెంపుకుంటుంది.

ఇక కాళ్లు. నీకు చెప్పలేదు గానీ నాలుగేళ్ల కిందట నేనూ ఒక బండి చేశా. కయ్యలోకి నారు కట్టలు మోసేదానికి. పాత మోపెడ్ ఇంజను, లేత్ షాపులో కోయించిన స్ప్రాకెట్లు, రబ్బరు ట్రాకు. లెక్క కూడా వేసుకున్నా. బండి 120 కిలోలు, ఒక్కో ట్రాకు 15 సెంటీమీటర్ల వెడల్పు, నేలకి ఆనేది 80 సెంటీమీటర్లు. అంటే చదరపు సెంటీమీటరుకి 50 గ్రాములు. మనిషి ఒంటికాలి మీద నిలబడితే దీనికి ఆరింతలు పడుతుంది. ఇంకేం, బురద మీద తేలిపోతుందనుకున్నా. దమ్ము చేసిన కయ్యలో ఇరవై అడుగులు పోయిందో లేదో, నిలబడిపోయింది. చెయ్యి పెట్టి చూస్తే రోలర్ల మధ్య నల్లరేగడి గట్టిగా కుక్కుకుపోయుంది. పోయిన పంట గడ్డిపోచలు ఇరుసు చుట్టూ తాడులాగా పేనుకుపోయాయి. కొడవలితో కోసి లాగాల్సొచ్చింది. ట్రాకులు బాగానే ఉన్నాయి గానీ బండి పొట్ట బురదకి ఆని చప్పరించినట్టు పట్టేసింది. నాలుగు రోజులు ఊరంతా నవ్వారు. నాట్లేసే ఆడవాళ్లయితే ఇప్పటికీ "మీ ఏనుగు లేచిందా అయ్యా" అని అడుగుతారు.

కాబట్టి పొట్ట ఎత్తు పెంచు. రోలర్ల మధ్య బురద జారిపోయేట్టు సందు వదులు. ఇరుసు చివర గడ్డి చుట్టుకోకుండా రేకు మూత పెట్టు. బోల్టులన్నీ ఒకే సైజువి వేసి మొత్తం బండి 13 నంబరు స్పానర్ ఒక్కటితో ఊడేట్టు చెయ్. చీకట్లో, చేతులు కొంకర్లు పోయే చలిలో, పక్కన పేలుళ్లు పడుతుంటే కుర్రాడెవడో నీ బండి విప్పాలి. వాడికి టూల్‌బాక్సులో వెతికే ఓపిక ఉండదు.

ఇప్పుడు పైపు ఎందుకు పీకమన్నానో చెప్తా. కొండ మీద పోస్టులో ఉన్నప్పుడు కాలికి దెబ్బ తగిలిన మావాడొకణ్ణి స్ట్రెచర్ మీద దించాం. నలుగురం మోశాం, మార్చుకోడానికి ఇంకో నలుగురు. వర్షం, జారుడు. ప్రతి మలుపులోనూ వాడు "దించేయండ్రా కాసేపు" అన్నాడు, మేం దించలేదు. ఒక్కడి కోసం ఎనిమిది మంది బయట కనబడుతూ నడిచాం. ఆ ఎనిమిది మంది పని చేసే బండి కావాలి. ఉక్రెయిన్‌లో నేల బండ్లు ఎక్కువగా చేస్తున్నది ఇదే. నీళ్లూ తూటాలూ మోసుకెళ్లడం, దెబ్బతిన్నవాళ్లని తేవడం. ఆకాశంలో డ్రోన్లు కాపు కాస్తుంటే అక్కడ మామూలు జీపు నడిపే దారే లేదు. 2024 డిసెంబరులో ఖార్కివ్ దగ్గర లిప్త్సి వద్ద వాళ్లు మనుషుల్ని ముందుకి పంపకుండా నేల బండ్లు, డ్రోన్లతోనే దాడి చేశారు, నిజమే. అలాంటివి పెరుగుతాయి కూడా. కానీ ఆ బండ్లనీ వెనక నుంచి మనుషులే నడిపారు.

గురి చూసి కాల్చే నిర్ణయం బండికే వదిలే పని మాత్రం నువ్వు చేయొద్దు. ప్రపంచం ఇంకా దాని మీద తేల్చుకోలేదు. 2023 డిసెంబరులో ఐక్యరాజ్యసమితిలో ఈ ఆయుధాల మీద తీర్మానానికి 152 దేశాలు అవునంటే, కాదన్న నాలుగింటిలో మనదీ ఒకటి. అది పెద్దల లెక్క, వాళ్ల కారణాలు వాళ్లకుంటాయి. నువ్వు మాత్రం బండి వెనక ఎర్ర రంగు స్టాప్ బటన్ పెద్దది పెట్టు, బూటుతో తన్నినా ఆగాలి.

డబ్బు సంగతి. ఐడెక్స్ అని 2018 నుంచి రక్షణ శాఖ చిన్న కంపెనీలకి సైన్యం సమస్యలిచ్చి, వాటికి దారి కనిపెట్టమని సాయం చేస్తోంది, చూడు. 2025 ఆర్మీ డే పెరేడ్‌లో పుణెలో నాలుగు కాళ్ల రోబో కంచరగాడిదలు నడిచాయి, కాబట్టి కొనేవాళ్లున్నారు. కానీ సైన్యం కొనడమంటే ట్రయల్స్, ఇసకలో ఒకసారి, మంచులో ఒకసారి, ఏళ్లు పడుతుంది. అందాకా తినాలి కదా. మన అల్లూరు వైపు రొయ్యల గుంటల గట్ల మీద మేత బస్తాలు మోసేదానికి అదే బండి ఇస్తే రేపే కొంటారు. ఉప్పు నీళ్లలో నీ బేరింగులు ఎన్నాళ్లు నిలుస్తాయో కూడా అక్కడే తేలుతుంది, పైగా వాళ్ల ఖర్చుతో. మీ నాన్న పొలం కాగితాలు మాత్రం బ్యాంకులో పెట్టించొద్దు. అక్క నాకు ఫోన్ చేసి ఏడ్చింది.

వచ్చే ఆదివారం మెరక కయ్య దమ్ము చేయిస్తున్నా. శనివారం రాత్రి బండి వేసుకుని వచ్చెయ్. పాత పంచె ఒకటి తెచ్చుకో, కొడవలి నేనిస్తా. నాట్ల వాళ్లు సోమవారం గానీ రారు, ఎవరూ నవ్వరు.

మీ మామ