ముప్పై దాటాక లెక్కలు మొదటి నుంచి నేర్చుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ వయసు ముప్పై దాటిందని, కాగితం మీద తీసివేత చేయాలన్నా చెయ్యి వణుకుతోందని రాశారు. ఏది ముందు నేర్చుకోవాలి, ఎక్కాలు బట్టీ పట్టక తప్పదా, ఈ సహజ సంఖ్యలూ పూర్ణ సంఖ్యలూ అన్నీ ఎందుకు అని అడిగారు. నేను 34వ ఏట మళ్లీ ఒకట్లూ పదుల నుంచి మొదలుపెట్టినదాన్ని. నాకు పనికొచ్చింది పనికొచ్చినట్టు చెబుతాను.

ఉద్యోగంలో ఒక రిజిస్టరు నా చేతికి వచ్చింది. ఎవరైనా అంకెలు చదివితే రాసుకుని కాలిక్యులేటర్ కొట్టేదాన్ని. ఒకరోజు మొత్తం రావాల్సినదాంట్లో దాదాపు పదోవంతే వచ్చింది. కాలిక్యులేటర్ చూపించింది కాబట్టి సరైనదే అనుకుని పంపించేశాను. ఇంటికొచ్చి మా అక్కకి చెబితే, ఆమె ఒక కాగితం ఇచ్చి "ఐదు లక్షల మూడు వేల నలభై రాయి" అంది. నేను 53,040 రాశాను. ఆమె ఏమీ అనలేదు, దాన్ని పైకి చదవమంది. "యాభై మూడు వేల..." అని నోట్లోంచి వచ్చాక గాని నాకు తెలియలేదు. రాయాల్సింది 5,03,040.

ఆ తప్పు గురించి చాలా రోజులు ఆలోచించాను. మనం "ఐదు లక్షల మూడు వేలు" అన్నప్పుడు పదివేలు లేవని ఎక్కడా చెప్పం. మాటలో సున్నా వినపడదు. రాతలో మాత్రం అది తన చోట కూర్చోవాల్సిందే, లేకపోతే పక్కనున్న అంకెలన్నీ జరిగిపోతాయి. నా మొత్తం లెక్కల భయం ఈ ఒక్క చోట పుట్టిందని అప్పుడు అర్థమైంది. అందుకే మీ మొదటి ప్రశ్నకి నా జవాబు స్థాన విలువ, అంటే అంకె కూర్చున్న చోటుని బట్టి దానికి వచ్చే విలువ. కూడికల కన్నా ముందు, ఎక్కాల కన్నా ముందు అదే. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ప్రాచీన బాబిలోనియా వాళ్లు అరవైల లెక్కన సంఖ్యలు రాసేవారు, చాలాకాలం ఖాళీ స్థానానికి వాళ్ల దగ్గర గుర్తే లేదు. 1 అని రాశారా 60 అని రాశారా అన్నది సందర్భం బట్టి ఊహించుకోవాలి.

మొదటి రెండు వారాలు నేను చేసింది ఇంతే: ఎవరితోనైనా పెద్ద సంఖ్యలు చెప్పించుకుని అంకెల్లో రాయడం, రాసింది పైకి చదవడం. లోపల సున్నాలున్నవే ఎక్కువ అడిగించుకోండి. 7,005, 40,060, 3,00,900 లాంటివి.

తర్వాత తీసివేత. దీని దగ్గర కాసేపు ఆగుతాను, ఎందుకంటే బడిలో నేను ఆగిపోయింది ఇక్కడే. 203 నుంచి 78 తీసేయాలి. మూడులోంచి ఎనిమిది పోదు, పక్కన అప్పు తెచ్చుకోవాలి. పక్కన సున్నా ఉంది. "సున్నా దగ్గర అప్పు ఎలా దొరుకుతుంది?" అని అడిగితే, మా టీచర్ ఎదురు ప్రశ్నలు వేయొద్దు, చెప్పినట్టు చెయ్యమన్నారు. చెప్పినట్టే చేశాను, మార్కులూ వచ్చాయి. ఆ తర్వాత లెక్కల క్లాసులో ఎప్పుడూ ఏదీ అడగలేదు.

ఆ ప్రశ్నకి జవాబు పాతికేళ్ల తర్వాత అగ్గిపుల్లల్లో దొరికింది. 203 పుల్లలు లెక్కపెట్టి, పదేసి పుల్లలకు ఒక రబ్బరు బ్యాండు వేసి కట్టలు కట్టాను. పది కట్టలు కలిపి ఒక పెద్ద కట్ట. చివరికి నేల మీద రెండు పెద్ద కట్టలు, మూడు విడి పుల్లలు మిగిలాయి. చిన్న కట్టలు లేవు, అదే ఆ సున్నా. ఇప్పుడు ఎనిమిది విడి పుల్లలు కావాలి, ఉన్నవి మూడు. ఒక పెద్ద కట్ట విప్పితే పది చిన్న కట్టలు వచ్చాయి. వాటిలో ఒకటి విప్పితే పది విడి పుల్లలు వచ్చాయి. నా ముందు ఒక పెద్ద కట్ట, తొమ్మిది చిన్న కట్టలు, పదమూడు పుల్లలు ఉన్నాయి. బడిలో సున్నా కొట్టేసి పైన 9 వేయమనేవారే, ఆ 9 ఇదే! పదమూడులోంచి ఎనిమిది పోతే 5, తొమ్మిదిలోంచి ఏడు పోతే 2, మిగిలింది 1. జవాబు 125. ఎవరూ ఎవరికీ అప్పు ఇవ్వలేదు. కట్ట విప్పాం, అంతే. పుల్లలు మొదట ఎన్ని ఉన్నాయో విప్పాకా అన్నే ఉన్నాయి.

దయచేసి దీన్ని చిన్నపిల్లల పని అనుకోకండి. ఒక్కసారి చేతులతో చేయండి. కూడికలో "చేతిలో ఒకటి" అంటే ఏమిటో కూడా దీంతోనే తెలిసిపోతుంది. పది పుల్లలు పోగైతే కట్ట కట్టి పక్క వరసలోకి జరుపుతున్నాం, అదే చేతిలో ఒకటి.

అర్థమైందో లేదో చూసుకోవడానికి గడియారం మంచి పరీక్ష. 5 గంటల 20 నిమిషాల్లోంచి 2 గంటల 45 నిమిషాలు తీసేయండి. అలవాటు కొద్దీ చాలామంది 520 లోంచి 245 తీసి 2 గంటల 75 నిమిషాలు అనేస్తారు. ఇక్కడ ఒక గంట విప్పితే వచ్చేవి అరవై నిమిషాలు. 4 గంటల 80 నిమిషాల్లోంచి తీస్తే 2 గంటల 35 నిమిషాలు. కంప్యూటర్లలో వాడే ద్విసంఖ్యామానం కూడా ఇదే ఆట, కాకపోతే అక్కడ రెండేసి పుల్లలకే ఒక కట్ట. ఒకట్లు, రెళ్లు, నాలుగులు, ఎనిమిదులు అని స్థానాలు వస్తాయి. అందుకే 13 అక్కడ 1101 అవుతుంది: ఒక ఎనిమిది, ఒక నాలుగు, రెళ్లు లేవు, ఒక ఒకటి.

ఎక్కాల సంగతి. బట్టీ కొంత తప్పదు, కానీ మీరు భయపడుతున్నంత లేదు. పదో ఎక్కం ఎలాగూ వచ్చు. రెండు, ఐదు ఎక్కాలు చాలామందికి గుర్తుంటాయి. తొమ్మిదో ఎక్కానికి పదితో హెచ్చవేసి ఒకసారి తీసేస్తే చాలు: తొమ్మిది ఏడులు అంటే డెబ్బైలోంచి ఏడు తీస్తే 63. ఇక 3, 4, 6, 7, 8 మిగిలాయి. 7×8 వస్తే 8×7 వచ్చినట్టే కాబట్టి అచ్చంగా నేర్చుకోవాల్సినవి 15 మాత్రమే. ఒక చీటీ మీద రాసుకుని రోజుకి రెండు చొప్పున పట్టండి. నన్ను ఎక్కువ సతాయించింది 7×8. ఐదు ఏడులు 35, మూడు ఏడులు 21, కలిపితే 56 అని కట్టుకున్నాక మళ్లీ మర్చిపోలేదు.

పెద్ద గుణకారాల్లో రెండో వరసలో ఒక గడి ఎందుకు వదులుతామో కూడా స్థాన విలువే చెబుతుంది. 23×14 లో ఆ 1 అంటే పది. అందుకే రెండో వరస 23 కాదు, 230. దానికి 92 కలిపితే 322.

సంఖ్యల రకాల పేర్లు మొదట కంఠతా పట్టకండి. ఒక్కో రకం ఎక్కడ అవసరమైందో చూస్తే పేరు దానంతటదే గుర్తుంటుంది. లెక్కపెట్టడానికి సహజ సంఖ్యలు సరిపోతాయి. వాటికి సున్నా చేరిస్తే పూర్ణాంకాలు. 3 లోంచి 5 తీయాలంటే సున్నాకి అవతల కూడా సంఖ్యలు కావాలి, అవి రుణ సంఖ్యలు. అన్నీ కలిపి పూర్ణ సంఖ్యలు. రుణం అంటే అప్పే కదా. బ్రహ్మగుప్తుడు 628లో రాసిన బ్రాహ్మస్ఫుటసిద్ధాంతంలో సున్నాతో, ధన రుణాలతో లెక్కలు ఎలా చేయాలో నియమాలు ఇచ్చాడు. ఆ మాటల్నే మనం ఇప్పటికీ వాడుతున్నాం. ఒక్క చోట మాత్రం ఆయన చెప్పింది నిలబడలేదు. సున్నాని సున్నాతో భాగిస్తే సున్నా అన్నాడు, ఈ రోజు గణితంలో దానికి విలువ ఇవ్వరు. అంతటివాడికే చిక్కుపడిన చోట మనం రెండు రోజులు ఎక్కువ ఆగితే తప్పేముంది?

భిన్నాల్లో నేను ఏళ్ల తరబడి చేసిన తప్పు: 1/2 నీ 1/3 నీ కూడి 2/5 అనడం. పైవి పైవాటితో, కిందివి కిందివాటితో కలిపేసేదాన్ని. అయితే 2/5 సగం కన్నా తక్కువ. సగానికి ఇంకొంత కలిపితే సగం కన్నా తగ్గడమేమిటి? కింద ఉండే హారం ముక్క ఎంత పెద్దదో చెప్పేది, పైన ఉండే లవం అలాంటి ముక్కలు ఎన్నో చెప్పేది అనుకోండి. వేర్వేరు సైజు ముక్కల్ని కలిపి లెక్కపెట్టలేం. రెండింటినీ ఆరో వంతులు చేస్తే 3/6, 2/6, మొత్తం 5/6. దశాంశాల్లోనూ ఇలాంటిదే ఇంకోటి ఉంది. 35 పెద్దది కాబట్టి 0.4 కన్నా 0.35 పెద్దదనిపిస్తుంది. 0.4 ని 0.40 అని రాసి పక్కన పెట్టి చూడండి.

పైనా కిందా పూర్ణ సంఖ్యలు పెట్టి భిన్నం రూపంలో రాయగలిగేవన్నీ అకరణీయ సంఖ్యలు. అలా రాయలేనివి కరణీయ సంఖ్యలు. భుజం 1 ఉన్న చతురస్రానికి కర్ణం గీసి కొలవబోతే √2 వస్తుంది, అంటే దాంతో దాన్నే హెచ్చవేస్తే 2 వచ్చే సంఖ్య. 1.41 వర్గం 1.9881, 1.42 వర్గం 2.0164, మధ్యలో ఎన్ని దశాంశ స్థానాలు వెతికినా కచ్చితంగా 2 తగలదు. మీకు ఇప్పుడే ఇది అవసరం లేదు, ఆ పేర్లు కనబడితే టెన్షన్ పడకుండా ఉండటానికి చెబుతున్నాను.

ఎంత కాలం పడుతుందని అడిగారు. రోజుకి అరగంట చొప్పున నాకు భిన్నాలు దాటేసరికి ఎనిమిది నెలలు పట్టింది. అందులో రెండు నెలలు స్థాన విలువా తీసివేతల దగ్గరే ఉన్నాను. కాలిక్యులేటర్ ఇప్పటికీ వాడతాను, కాకపోతే నొక్కే ముందు జవాబు వేలల్లో రావాలా లక్షల్లో రావాలా అని మనసులో అనుకుంటాను.

పుల్లలతో పని అయ్యాక కాగితం మీద 7,003 లోంచి 2,458 తీసి చూడండి. జవాబు 4,545. మధ్యలో పైన వేసిన తొమ్మిదులు రెండూ ఏ కట్ట విప్పితే వచ్చాయో పక్కనున్నవాళ్లకి చెప్పగలిగితే ఇక ఎక్కాల చీటీ రాసుకోవచ్చు. తడబడితే ఇక్కడే రాయండి, ఏ అడుగు దగ్గర ఆగారో కలిసి చూద్దాం.