హెడ్‌ఫోన్ కొనేముందు బేస్ ఎట్లా చూసుకోవాలి?

డబ్బా మీద "20 హెర్ట్జ్ – 20 కిలోహెర్ట్జ్" (హెర్ట్జ్ అంటే సెకనుకు ఎన్ని కంపనాలో చెప్పే లెక్క, అంకె తగ్గేకొద్దీ శబ్దం లోతు) అని ఉంటే బేస్, అంటే లోతైన శబ్దం, బాగున్నట్టేనా? కాదు. పక్కన ±3 డెసిబెల్ లాంటి హద్దు (శబ్దం ఎంతవరకు హెచ్చుతగ్గులవుతుందో చెప్పేది) రాయకపోతే ఆ అంకెతో పని లేదు. 20 హెర్ట్జ్ దగ్గర శబ్దం సగం చచ్చిపోయినా అదే అచ్చేస్తారు.

చూడాల్సింది రెస్పాన్స్ గ్రాఫ్, అంటే ఏ హెర్ట్జ్ దగ్గర శబ్దం ఎంత గట్టిగా వస్తుందో చూపే గీత. 20–60 హెర్ట్జ్ సబ్‌బేస్, అంటే లోతైన అదురు. బేస్ గిటార్ అడుగు తీగ 41 హెర్ట్జ్. 60–250 మిడ్‌బేస్, డ్రమ్ దెబ్బకు బరువిచ్చేది ఇదే. చవక సెట్లలో చాలావరకు 100–250 మధ్యే ఉబ్బిస్తారు. షాపులో రెండు నిమిషాలు వింటే అదిరిందనిపిస్తుంది గానీ, మగ గొంతు మూల స్వరం కూడా అక్కడే ఉంటుంది కాబట్టి మాటలు ముద్దయిపోతాయి. డప్పు దరువున్న పాట పెట్టండి. ప్రతి దెబ్బ టక్కున ఆగాలి, పాడేవాళ్ల మాట విడిగా తెలియాలి.

ఇయర్‌బడ్ అయితే ముందు రబ్బరు టిప్ సంగతి చూడండి. సందుంటే మొదట పోయేది సబ్‌బేసే. వేలితో మెల్లగా లోపలికి నొక్కినప్పుడు బేస్ ఒక్కసారిగా పెరిగిందా? టిప్ వదులన్నమాట, పెద్ద సైజు వేయండి. చెవి మొత్తం కప్పే రకాల్లో కళ్లద్దాల కాడ కూడా ఇలాగే సందు చేసి బేస్ తగ్గిస్తుంది.

నల్లగొండ–హైదరాబాద్ బస్సులో వినేవాళ్లకు ఇంజిన్ రొద బేస్‌ను మింగేస్తుంది. వాల్యూమ్ పెంచొద్దు, నాయిస్ క్యాన్సలింగ్ (బయటి రొదను తగ్గించే ఏర్పాటు) ఉన్నది తీసుకోండి. ఆ రొద మీదే అది బాగా పనిచేస్తుంది.