వేపచెట్టు మీది డేగను ఇప్పుడే కదిలించకు

దామలచెరువు

చి. భార్గవికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటోలు చూశాను. అది గద్ద కాదమ్మా, డేగ. తిరుపతి మార్కెట్ మీద పైన గుండ్రంగా తిరిగేది గద్ద, దాని తోక చివర చీలి ఉంటుంది. మీ పెరట్లోది పావురమంతే ఉంది. వీపు బూడిదరంగు, ఎదమీద అడ్డంగా సన్నటి చారలు. పుస్తకాల్లో షిక్రా అంటారు. ఎర్రకళ్ళది మగది. కాస్త పెద్దగా, పసుపు కళ్ళతో ఉన్నది ఆడది. ఇద్దరూ పుల్లలు మోస్తున్నారంటే గూడు కడుతున్నట్టే, ఎండాకాలమే వాటి కాలం.

కరెంటు తీగవైపు వంగుతోందని కొమ్మ కొట్టిస్తామన్నావు. తొందరపడొద్దు. లైన్‌మాన్ పట్టుబడితే తీగవైపు చివర మాత్రం తీయించు, గూడున్న పంగ జోలికి పోవద్దు. గూడు చెదరగొట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం కూడా. గుడ్లు మూడో నాలుగో పెడుతుంది. పొదగడానికి మూడు వారాలు, ఆపైన పిల్లలు ఎగరడానికి దాదాపు నెల. అంతవరకే ఓపిక పట్టాలి.

మీ అత్తగారి కోడిపిల్లల సంగతి. ఆమె భయం ఉత్తది కాదు, సందు దొరికితే డేగ చిన్న కోడిపిల్లను ఎత్తుకుపోతుంది. అవి కాస్త ఎదిగేదాకా గంప కింద పెట్టండి, లేదా పైన వల కట్టండి. రాళ్ళు రువ్వడం, టపాకాయలు కాల్చడం వద్దు. నిజానికి దాని అసలు తిండి తొండలు, ఎలుకలు, ఉడుతలు, చిన్న పిట్టలు, మిడతలు. మా మామిడితోటలో ఉడుతలు కొరికి పడేసే కాయలు చూస్తే, ఈ డేగ ఇంకో నాలుగు గూళ్ళు కట్టినా బాగుండుననిపిస్తుంది.

చూడాలనుకుంటే పొద్దున్నే కిటికీ దగ్గర కదలకుండా కూర్చో. డేగను వెతకొద్దు, మిగతా వాటి గోల విను. ఉడుత ఆగకుండా కిచకిచమంటుంటే, గోరింకలు ఒక్కసారిగా లేచిపోతే అది ఆకుల చాటునే ఉన్నట్టు. అక్కడ నక్కి కూర్చుని ఒక్క ఊపులో దూకుతుంది. రెక్కలు పొట్టిగా గుండ్రంగా, తోక పొడుగ్గా ఉండబట్టే కొమ్మల మధ్య అంత వేగంగా మలుపు తిరగగలదు. గద్దలా గంటలు గంటలు పైన తేలడం దీని పద్ధతి కాదు. నాలుగుసార్లు రెక్కలాడించి, కాసేపు జారుతుంది.

అరుపును మాత్రం గుడ్డిగా నమ్మొద్దు. పసులపోలిగాడనే నల్లపిట్ట ఉన్నాడు, వాడు అచ్చం డేగలాగే అరుస్తాడు. ఆ అరుపుకు గోరింకలు బెదిరి పారిపోతే, వాటి తిండి కాజేస్తాడు. ఆ గడుసుతనం చూస్తే నాకైతే డేగకన్నా వాడే నచ్చుతాడు! ఇంకొక మోసం, ఇదే రంగులో ఉండే కోయిల జాతి పిట్ట. దాని ముక్కు డేగ ముక్కులా కొక్కెంలా వంగదు.

డేగపిల్ల కిందపడితే ఇంట్లోకి తెచ్చి పాలు, అన్నం పెట్టకండి. దెబ్బ లేకపోతే గుడ్డతో పట్టుకుని, పిల్లికి అందని కొమ్మమీద పెట్టి దూరం జరగండి. తల్లి వస్తుంది. రెక్క విరిగినట్టుంటే అట్టపెట్టెలో చీకట్లో ఉంచి అటవీశాఖ వాళ్ళకు ఫోన్ చెయ్యి. గోళ్ళు జాగ్రత్త, చిన్నదైనా గట్టిగా పట్టేస్తుంది.

పిల్లలు గూడు వదిలి, నాలుగు రోజులు అటువైపు రాకపోతే కొమ్మ కొట్టించుకో. ఆ పనికి నేనే మనిషిని పంపుతాను, తోతాపురి కాయల బస్తాతో పాటు.

మీ పెదనాన్న