ముందు చెంబులో చూడండి

ప్రశ్న: సార్, ఏడాదిగా పెళ్లిళ్లకీ ఓణీల ఫంక్షన్లకీ ఫొటోలు తీస్తున్నాను. ఫ్లాష్ కొడితే ముఖాలు నూనె రాసినట్టు మెరుస్తున్నాయి. వెనక గోడ మీద కత్తిరించినట్టు నల్ల నీడ పడుతోంది. అందుకని ఫ్లాష్‌కి తొడిగే తెల్ల ప్లాస్టిక్ క్యాప్ ఒకటి కొన్నాను. ఇళ్లలో బాగానే పనిచేసింది. రాత్రి పూట షామియానా కింద మాత్రం ఏమీ తేడా లేదు, పైగా బ్యాటరీలు ఊరికే అయిపోతున్నాయి. ఇంకాస్త ఖరీదు పెట్టి మంచి డిఫ్యూజర్ కొనమంటారా?
– ఒక పాఠకుడు, దర్శి

జవాబు: ఇప్పుడే కొనకండి. వంటింట్లోంచి బాగా తోమిన స్టీలు చెంబు ఒకటి తీసుకుని, చీకటి పడ్డాక మిద్దె మీదికి వెళ్లండి. పిట్టగోడ మీద చెంబు పెట్టి, రెండు గజాల దూరం నుంచి క్యాప్ లేకుండా ఒక ఫొటో, క్యాప్ తొడిగి ఒక ఫొటో తియ్యండి. తర్వాత రెండూ పెద్దవి చేసి, చెంబు పొట్ట మీద పడ్డ తెల్ల చుక్కని చూడండి. క్యాప్ లేనప్పుడు అది పెసరగింజంత ఉంటే, క్యాప్ పెట్టాక మహా అయితే కందిగింజంత అవుతుంది. పెళ్లికూతురి నుదుటి మీద మెరిసేదీ ఆ చుక్కే. ముక్కు పక్కన పడే నీడ అంచుని నిర్ణయించేదీ అదే.

లైట్ సాఫ్ట్‌గా రావాలంటే ముందు చూడాల్సింది దాని సైజు. డిఫ్యూజర్ ప్లాస్టిక్కా, గుడ్డా, ఏ కంపెనీదీ అన్నవి ఆ తర్వాతి మాటలు. సైజు అంటే కొలిచి చెప్పే సైజు కాదు, ఎదురుగా ఉన్న మనిషికి అది ఎంత పెద్దగా కనిపిస్తుందన్నది. సూర్యుణ్ణి తీసుకోండి. సుమారు 14 లక్షల కిలోమీటర్ల వెడల్పు ఉన్న దీపమే, కానీ 15 కోట్ల కిలోమీటర్ల దూరాన ఉంది కాబట్టి మన కంటికి బొట్టుబిళ్లంత. అందుకే మధ్యాహ్నం నీడలు అంత గట్టిగా ఉంటాయి. మబ్బు పట్టిందంటే ఆకాశమంతా దీపమే, నీడ ఎక్కడుందో వెతుక్కోవాలి. మీ ఫ్లాష్ తల వెడల్పు 7 సెంటీమీటర్లు అనుకోండి. దాన్ని 7 మీటర్ల దూరం నుంచి కొడితే, లెక్కకి అది రోహిణి కార్తె సూర్యుడితో సమానం. వేడి తప్ప అన్నీ ఉంటాయి! దాని మీద క్యాప్ తొడిగితే వెడల్పు ఓ సెంటీమీటరో రెండో పెరుగుతుంది, అంతే.

మరి ఇంట్లో ఎందుకు పనిచేసిందంటారా? క్యాప్ వెలుతురుని అన్ని వైపులకీ చిమ్ముతుంది. అది తెల్ల శ్లాబుకీ గోడలకీ తగిలి తిరిగొచ్చి మనిషి మీద పడింది. అక్కడ మీ డిఫ్యూజర్ గది మొత్తం. షామియానా కింద అట్లా చిమ్మిన వెలుతురంతా పక్క పొలాల్లోకి పోయింది. మనిషికి అందింది ముందు నుంచి పోయిన కాస్తే, అదీ కందిగింజ సైజులోనే. క్యాప్ ఒకటిన్నర స్టాపు దాకా (ఒక స్టాపు తగ్గితే వెలుతురు సగమైనట్టు) తినేస్తుంది కాబట్టి, ఆ లోటు పూడ్చడానికి ఫ్లాష్ మూడింతల దాకా కరెంటు ఖర్చు పెడుతోంది. మీ బ్యాటరీలు పోతున్నది అక్కడే. ఆరుబయట క్యాప్ తీసి జేబులో వేసుకోండి. ఐఎస్ఓ, అంటే కెమెరా వెలుతురుని పసిగట్టే చురుకు, 100 దగ్గరే పట్టుకుని కూర్చోకుండా 400 పెట్టారంటే ఫ్లాష్ అందే దూరం రెట్టింపవుతుంది.

అయితే ఇంట్లో ఫ్లాష్‌ని గోడకీ శ్లాబుకీ తిప్పి కొడితే సరిపోతుంది కదా అనుకోకండి, ముందు రంగు చూసుకోవాలి. కొత్తల్లో సింగరాయకొండ దగ్గర ఒక ఊళ్లో పెళ్లికూతురిని చేసే ఫొటోలు తీశాను. హాలుకి పచ్చ నిమ్మకాయ రంగు. తెలివి ఎక్కువై ఫ్లాష్ పక్క గోడకి తిప్పాను. నీడలు ఎంత మెత్తగా వచ్చాయో, ముఖాలూ అంత ఆకుపచ్చగా వచ్చాయి. ఆల్బమ్ చూసి పిల్ల మేనత్త, "ఏంది అబ్బయ్యా, బంగారంలాంటి పిల్లకి కామెర్లు తెప్పించావు" అంది. కంప్యూటర్లో దిద్దబోతే పచ్చ పోయిన చోట చెంప బాగుపడి, కిటికీ వెలుతురు పడిన రెండో చెంప గులాబీ రంగు తిరిగింది. రెండు రంగుల వెలుతురు కలిస్తే ఒక మీట తిప్పి దిద్దడం కుదరదు. ఆ ఆల్బమ్‌కి మిగతా డబ్బులు నేను అడగలేదు, వాళ్లూ ఇవ్వలేదు.

ఇక కొనాల్సిందేమిటంటే, ఖరీదైన క్యాప్ డబ్బులతో 33 అంగుళాల తెల్ల గొడుగు, స్టాండు తెచ్చుకోండి. ఇంకొంచెం పెట్టగలిగితే ఫ్లాష్‌ని కెమెరా మీద నుంచి దించి దూరం నుంచే వెలిగించడానికి ట్రిగ్గర్ కూడా. వెలుతురు లోపల్నుంచి దూరి బయటికొచ్చే తెల్ల గొడుగే అడగండి, నల్ల గొడుగు కాదు. దాన్ని పెళ్లికూతురికి ఒకటిన్నర మీటర్ల దూరంలో, తల కంటే పైన, కాస్త పక్కగా పెట్టి మళ్లీ అదే చెంబు పరీక్ష చెయ్యండి. చుక్క రేగిపండంత అయి, వెలుగు పలచబడి ఉంటుంది. నుదుటి మెరుపు పూర్తిగా పోదు, పరుచుకుంటుంది. మిగిలింది టిష్యూతో ఒక్కసారి అద్దించండి. చెమటని ఏ డిఫ్యూజరూ తుడవదు.

గొడుగుతో చిక్కులు రెండు. దాన్ని 1 మీటరు నుంచి 2 మీటర్లకి జరిపితే వెలుతురు సగం కాదు, నాలుగో వంతు అవుతుంది. దగ్గర పెట్టి పెళ్లికూతురిని తీస్తే వెనకున్న తోడిపెళ్లికూతురు చీకట్లో పడుతుంది. అక్షింతలు వేసి వరసగా పన్నెండు మంది నిలబడితే గొడుగుని వెనక్కి జరపక తప్పదు. జరిపితే మెత్తదనం తగ్గుతుంది. అక్కడ అందరి మీదా సమానంగా పడటమే ముఖ్యం, మెత్తదనం గురించి ఆరాటపడకండి. రెండోది గాలి. మన తీరంలో సాయంత్రం అయ్యేసరికి సముద్రం గాలి లేస్తుంది, స్టాండు మీద గొడుగు నిలవదు. గాలి లేకపోయినా పిల్లలు ఎటూ దాన్ని తన్నుకుంటూ పోతారు. ఆరుబయట పెళ్లికి 60 సెంటీమీటర్ల సాఫ్ట్‌బాక్స్‌ని (ముందు తెల్ల గుడ్డ ఉన్న పెట్టెలాంటిది) కర్రకి తగిలించి ఒక కుర్రాడి చేతికివ్వండి. వాడికి భోజనం ముందు పంక్తిలో పెట్టించండి, లేకపోతే తలంబ్రాల టైముకి కనపడడు.

ఇంకొక్క మాట, మీరు అడగకపోయినా. మధుపర్కాలు కట్టుకున్నాక ముఖాలు నల్లగా వస్తున్నాయంటే డిఫ్యూజర్‌ని తిట్టకండి. ఆటోమేటిక్‌లో ఉన్న ఫ్లాష్ ఆ తెల్లబట్టలని చూసి వెలుతురు ఎక్కువైందనుకుని తగ్గించేస్తుంది. ఫ్లాష్ వెలుతురుని మనం పెంచుకునే సెట్టింగు, ఫ్లాష్ కాంపెన్సేషన్, ముప్పావు స్టాపో, ఒక స్టాపో పెంచండి.

ప్రశ్న: ఇంట్లో మలై కాజాలు చేసి ఆర్డర్ మీద ఇస్తుంటాను. ఫోన్ ఫ్లాష్‌తో తీస్తే పాకం మీద తెల్ల మచ్చ పడి, కాజా రబ్బరు ముక్కలా కనిపిస్తోంది. ఫోన్‌కి తగిలించే డిఫ్యూజర్లు దొరుకుతాయా?
– ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: దొరుకుతాయమ్మా, మీకు అక్కర్లేదు. ఫోన్ ఫ్లాష్ ఆపేయండి. ఎండ నేరుగా పడని కిటికీ పక్కన పళ్లెం పెట్టి, కిటికీకి పల్చటి తెల్ల పంచె కట్టండి. ఎదురు వైపు, పళ్లేనికి జానెడు దూరంలో, తెల్ల థర్మకోల్ ముక్క నిలబెట్టండి. పెళ్లికూతురికి గొడుగు కావాలి గానీ, అరచేతిలో పట్టే కాజాకి పక్కన పెట్టిన తెల్ల కాగితం కూడా పెద్ద ఆకాశమే. పాకం మీద మెరుపు ఉండనివ్వండి, అది పోతే కాజా ఎండిపోయినట్టుంటుంది. కిటికీని పళ్లేనికి వెనక వైపు వచ్చేలా కూర్చుని తీస్తే ఆ మెరుపు అంచుల వెంట సన్నగా పారుతుంది. రాత్రి పూట తీయాల్సొస్తే ట్యూబ్‌లైట్ ముందు ట్రేసింగ్ పేపర్ పట్టుకోమని ఇంట్లో ఎవరికైనా చెప్పండి.

ప్రశ్న: మా ఊరి కల్యాణ మండపంలో స్టేజీ వెనక గోడకి నల్ల గ్రానైట్ వేశారు. డిఫ్యూజర్ పెట్టినా ప్రతి ఫొటోలో వెనకాల తెల్ల మచ్చ. ఏం చెయ్యాలి?
– ఒక పాఠకుడు, చీమకుర్తి

జవాబు: మీ ఊళ్లో గ్రానైట్ వేయకపోతే ఇంకెక్కడ వేస్తారు! పాలిష్ పెట్టిన నల్లరాయి గోడ కాదండీ, అద్దం. డిఫ్యూజర్ పెడితే చిన్న మచ్చ పెద్ద మచ్చ అవుతుంది, అంతే. గోడకి ఎదురుగా నిలబడకండి, నాలుగడుగులు పక్కకి జరిగి ఏటవాలుగా తియ్యండి. లైటు కూడా మీతోపాటు మీ పక్కకే రావాలి, ఎత్తున ఉండాలి, కిందికి చూస్తూ. తీసేముందు మీరు నిలబడ్డ చోటినుంచే రాయిలోకి చూడండి. అందులో మీ లైటు కనిపిస్తోందంటే ఫొటోలోనూ కనిపిస్తుంది. అదీ కుదరకపోతే డెకరేషన్ వాళ్లని బతిమాలి స్టేజీ వెనక పూలతెర కట్టించండి, ముహూర్తానికి ముందు రోజే.