పోటీకి దిగే బిడ్డకు: ముందు ఓటరు జాబితా చేతబట్టు

బిడ్డా,

ఈసారి అసెంబ్లీకి నిలబడదామనుకుంటున్నావని మీ నాన్న చెప్పాడు, సంతోషం. టికెట్ సంగతి, పెద్దల అండ సంగతి చెప్పేవాళ్లు నీకు చాలామంది దొరుకుతారు. నేను కాగితాల సంగతి చెప్తాను. జనంలో మంచి పేరున్నవాళ్లు కూడా అక్కడే దెబ్బతింటారు.

ఎన్నికలకు ఏడాది ముందే ఓటరు జాబితాను పార్టులవారీగా ప్రింటు తీయించు. పార్టంటే ఒక పోలింగ్ కేంద్రం, వెయ్యిమంది అటూఇటూ. పార్టుకు ఇద్దరు చొప్పున, ఆ గల్లీల్లోనే ఉండేవాళ్లను పెట్టుకో. గడపగడపకూ పోయి ప్రతి పేరు పక్కన గుర్తు పెట్టాలి: ఉన్నారు, ఇల్లు మారారు, చనిపోయారు, రెండుచోట్ల ఉంది. హైదరాబాద్‌లో కిరాయికుండేవాళ్లు ఇల్లు మారుతూనే ఉంటారు, పేరు మాత్రం పాత గల్లీలోనే ఉండిపోతుంది. ఇంటి నంబర్లది ఇంకో చిక్కు. ఒక ఇల్లు నాలుగు వాటాలైతే నంబరుకు బై ఏ, బై 1 అని తోకలు పెరుగుతాయి. జాబితాలో ఆ తోక ఊడితే తండ్రి ఒక పార్టులో, కొడుకు ఇంకో పార్టులో పడతారు. పోలింగ్ రోజు తండ్రి ఒక బడికి, కొడుకు ఇంకో బడికి పోవాలి. ఆ తిరుగుడులో ఒక ఓటు పోతుంది.

కొత్త పేరుకు ఫారం 6, తొలగింపుకు 7, ఇల్లు మారినా తప్పు దిద్దాలన్నా 8. 18 నిండాయా లేదా అన్నది జనవరి 1, ఏప్రిల్ 1, జూలై 1, అక్టోబర్ 1 తేదీల్లో చూస్తారు. 17 దాటిన పిల్లలతో ముందే దరఖాస్తు పెట్టించవచ్చు. ఫారం 7 మాత్రం తిరిగి చూసి, కనుక్కున్నాకే. అబద్ధం రాస్తే నేరం, పైగా బతికున్న మనిషి పేరు తీయించినవాడిని ఆ బస్తీ క్షమించదు. నామినేషన్ల గడువు దాటితే పేర్లు చేరవు. 2023లో హైదరాబాద్‌లోని యాకుత్‌పురా నియోజకవర్గంలో గెలుపు తేడా 878 ఓట్లు. ఒక్క పార్టులో ఉండే ఓటర్లంత కూడా లేదది.

నామినేషన్ ఆఖరి రోజుదాకా ఆగకు. మధ్యాహ్నం 3 దాటితే తీసుకోరు. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి ఒక ప్రతిపాదకుడు, స్వతంత్రుడికి 10 మంది, అందరూ అదే నియోజకవర్గం ఓటర్లై ఉండాలి. నువ్వే మా అభ్యర్థివని పార్టీ ఇచ్చే బీ ఫారం మీద సిరా సంతకమే ఉండాలి. అఫిడవిట్‌లో ఏ గడీ ఖాళీగా వదలకు, లేకపోతే ‘లేదు’ అని రాయి. నామినేషన్ వేశాక, రాజ్యాంగానికి విధేయుడినని ప్రమాణం చేయడం చాలామంది మరచిపోతారు. నామినేషన్ల పరిశీలన ముందురోజుకల్లా అది అయిపోవాలి. నామినేషన్ పత్రాలు నాలుగు సెట్లు వేయవచ్చు, నాలుగూ వెయ్యి.

ఖర్చు పరిమితి 40 లక్షలు. నామినేషన్‌కు కనీసం ఒకరోజు ముందే వేరే బ్యాంకు ఖాతా తెరువు. ప్రచార ఖర్చుల కింద ఒకరికి 10,000 మించి నగదు ఇవ్వకు. కుర్చీలు, చాయ్, ఆటో మైకు ఏ రోజువి ఆ రోజే రిజిస్టర్‌లో ఎక్కాలి, ఎందుకంటే అధికారులూ నీ మీద ఒక లెక్క రాస్తుంటారు. ఫలితం వచ్చిన 30 రోజుల్లో లెక్క అప్పగించాలి. ఓడినవాళ్లు ఇక్కడే నిర్లక్ష్యం చేస్తారు, మూడేళ్లు పోటీ చేయకుండా అనర్హత పడవచ్చు.

పోలింగ్ రోజు కేంద్రంలో నీ తరఫున కూర్చునే ఏజెంటు, పోలింగ్ మొదలవడానికి గంటన్నర ముందే లోపల ఉండాలి. మాక్ పోల్‌లో, అంటే మిషన్‌ను పరీక్షించే ఉత్తుత్తి పోలింగ్‌లో, కనీసం 50 ఓట్లు వేసి, సరిచూసి, ఆ ఓట్లు మిషన్‌లోంచి చెరిపించే దాకా కళ్లప్పగించి చూడాలి. సాయంత్రం అలసిపోయి వెళ్లిపోతే 17సీ కాగితం చేతికి రాదు. అందులో పోలైన ఓట్ల మొత్తం, మిషన్ నంబరు ఉంటాయి. లెక్కింపు బల్ల దగ్గర అభ్యంతరం చెప్పడానికి నీకున్న ఆధారం అదే.

ఫలితం ఎటు వచ్చినా ఫారం 20 తెప్పించుకో. ఏ పోలింగ్ కేంద్రంలో ఎవరికి ఎన్ని పడ్డాయో అందులో ఉంటుంది. నీ గుర్తులు పెట్టిన పాత జాబితా పక్కన పెట్టుకుని చూడు. నువ్వనుకున్న ఓట్లకూ పడ్డవాటికీ ఎక్కడ పెద్ద తేడా ఉందో, తర్వాతి ఆదివారం ఆ గల్లీకి పో. జెండా, దండా వద్దు, జాబితా తీసుకుని పో.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న